ఇంటి కాగితం, మన వకీలు: మన మూడు జిల్లాల్లో ఇండ్ల రిజిస్ట్రేషన్ల కథ

ప్రతి ఏడాది ఈ పుస్తకంలో పొదుపు ఎంతైంది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, ఏ మండలంలో ఎన్ని సంఘాలు పెరిగాయి అనే లెక్కలు వేస్తున్నాం. దాంతోపాటు చరిత్ర వ్యాసం ఒకటి వేయడం కూడా మనకు అలవాటే. ఈసారి ఇండ్ల రిజిస్ట్రేషన్ల గురించి రాయాలని అనుకోవడానికి మన సభ్యురాలు ఒకామె కారణం. తన పేరు రాయొద్దని అడిగింది. రాయడం లేదు.

ఆమె, ఆమె భర్త చాలా ఏండ్లు బొంబాయిలో మట్టి పని చేసిండ్రు. మన పాలమూరు దిక్కు అది కొత్త ముచ్చట కాదు. ఆ పైసలు కొన్ని, సంఘం అప్పు కొంత, తల్లిగారు పెట్టిన బంగారం కుదువబెట్టగా వచ్చినవి కొన్ని కూడగట్టి, పిల్లల చదువు కోసమని దగ్గరి పట్నంలో ఎనభై గజాల జాగల రెండు రూముల రేకుల ఇల్లు కొన్నారు. బయానా ఇచ్చిన నాడే అమ్మినాయన, "రైటర్ మనవాడే అక్కా, అన్ని ఆయనే చూసుకుంటడు" అన్నడు. ఆయనే చూసుకున్నడు. కాగితం రాసిండు, స్టాంపు తెచ్చిండు, సాక్షులను కూడా తెచ్చిండు. ఆఫీసులో ఫొటో దిగి, వేలిముద్ర వేసి, పదిహేను నిమిషాల్లో బయటికొచ్చి మిఠాయి పంచిండ్రు.

రెండేండ్లకు కోర్టు నోటీసు వచ్చింది. అమ్మినాయనకు సొంత చెల్లె ఉంది. ఆ ఇల్లు వాళ్ల నాయనది, నాయన వీలునామా రాయకుండనే చనిపోయిండు. "నాకూ వాటా ఉండె, నన్ను అడగకుండా అమ్మిండు" అని ఆమె దావా వేసింది. దస్తావేజులో మాత్రం రైటర్ ఆ ఇల్లు అమ్మినాయన "స్వార్జితం" అని రాసిండు. మన సభ్యురాలు దాన్ని చదవలేదు, ఎవరూ చదివి వినిపించలేదు.

ఆమె మా దగ్గరికి వచ్చి ఒక్కటే మాట అడిగింది. "సర్కారు ఆఫీసుల ముద్ర పడ్డంక కూడా ఇల్లు నాది కాకుంటే, ఆ ముద్ర ఎందుకు?"

మా దగ్గర వెంటనే జవాబు లేకుండె. తెలుసుకుంటూ పోతే పాత కాగితాల దాకా పోవాల్సి వచ్చింది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దావా వేసిన ఆ చెల్లె కూడా సంఘం మనిషే, వేరే మండలంలో. ఆడబిడ్డకు వాటా ఉంటుందని ఊరూరా మీటింగులు పెట్టి చెప్పింది మనమే. అది విని ఆమె కోర్టుకు పోయింది. ఇద్దరిలో ఎవరిది తప్పు అంటే ఏం చెప్తాం?

ముందు ముద్ర సంగతి చూద్దాం. మన దేశంలో రిజిస్ట్రేషన్ 1908 నాటి చట్టం ప్రకారం నడుస్తున్నది. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిని అమ్మితే అది రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. సబ్ రిజిస్ట్రార్ చూసేవి కొన్నే: వచ్చిన మనిషి ఆ మనిషేనా, సంతకం తనదేనని ఒప్పుకున్నదా, స్టాంపు సుంకం సరిగ్గా కట్టారా, ఆస్తి నిషేధిత జాబితాలో ఉందా. అమ్మేవాడికి నిజంగా హక్కు ఉందా లేదా అని తేల్చడం ఆయన పని కాదు. తమిళనాడు నుంచి పోయిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇదే మాట చెప్పింది. సంతలో బర్రెను కొంటే చిట్టీ రాసేవాడు ఎవరు అమ్మిండ్రు, ఎవరు కొన్నరు, ఎంతకు అన్నది రాస్తడు. ఆ బర్రె ఎన్ని పాలిస్తదో, అది అమ్మెటోనిదేనో కాదో ఆయన రాయడు. ఆ చూసుకునేది మనం. ఇంటి ముద్ర కూడా అలాంటి చిట్టీయే.

అయితే మనం చూసుకునేది ఎట్లా? బర్రె పండ్లు చూడొచ్చు, పొదుగు చూడొచ్చు. ఇంటి కాగితాలు చదవడం మన ముందు తరాల ఆడవాళ్లకు చేతకాకుండా ఉన్నదంటే అది వాళ్ల తెలివితక్కువతనం కాదు. మన ప్రాంతంలో కాగితం ఎప్పుడూ ఇంకొకరి భాషలో, ఇంకొకరి చేతిలో ఉండేది.

మన మూడు జిల్లాల్లో చాలా భాగం నిజాం కాలంలో సంస్థానాల కింద ఉండేది. గద్వాల సంస్థానం, వనపర్తి సంస్థానం, ఆత్మకూరు కేంద్రంగా అమరచింత సంస్థానం, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు సంస్థానం. వాటికి సొంత కచేరీలు, సొంత ఉద్యోగులు ఉండేవాళ్లు. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ, ఆత్మకూరులో రాణి భాగ్యలక్ష్మమ్మ పాలించారు. రాణులు ఏలిన నేల మనది. అదే నేల మీద మామూలు ఇంట్ల పుట్టిన ఆడమనిషికి తాను అలికి ముగ్గు పెట్టే ఇంటి మీద పేరు ఉండేది కాదు. ఈ రెండూ పక్కపక్కనే సాగినయి.

నిజాం రాజ్యంలో కచేరీ భాష మొదట ఫారసీ, 1880ల్లో దాని స్థానంలో ఉర్దూ వచ్చింది. బైనామా, రాజీనామా, వకాల్తు, దస్తావేజు, పహాణీ, కబ్జా, బయానా, ఇవన్నీ మన నోట్లో ఇప్పటికీ ఆడుతున్న మాటలే. మాట్లాడేది తెలుగు, కాగితం ఉర్దూ. రాసినోడు చదివి చెప్పిందే మనకు కాగితం. తేదీలు కూడా ఫసలీలో ఉండేవి. ఇంట్లో పాత కాగితం దొరికి అందులో 1358 అని కనబడితే భయపడకండి. దానికి దాదాపు 590 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1948-49.

గద్వాల, ఆలంపూర్ వాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఆ రెండు తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు కర్ణాటకకు (అప్పటి మైసూరు రాష్ట్రానికి) పోతే, ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసాయి. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలు అయ్యాయి. అంటే గద్వాలలో ఒక పాత ఇంటికి తాత కాగితంలో రాయచూరు జిల్లా, తండ్రి కాగితంలో మహబూబ్‌నగర్ జిల్లా, మనుమరాలి కాగితంలో జోగులాంబ గద్వాల జిల్లా అని ఉండొచ్చు. ఇల్లు అంగుళం కదలలేదు. హైదరాబాద్‌లో కూర్చున్న పెద్ద వకీలు ఈ మూడూ ఒకటేనా అని అనుమానపడొచ్చు. గద్వాలలో పుట్టి పెరిగిన వకీలుకు ఆ అనుమానం రాదు.

ఇక మన ఆడవాళ్ల చేతికి వచ్చిన ఆస్తి ఏ కాగితం మీద వచ్చింది? చాలాసార్లు ఏ కాగితమూ లేదు. పెండ్లిలో పసుపు కుంకుమ కింద ఇంత భూమి, ఇంత ఇంటిజాగ అని పెద్దమనుషుల ముందు నోటితో చెప్పేవాళ్లు. మహా అయితే తెల్లకాగితం మీద రాసేవాళ్లు. అన్నదమ్ములు మంచోళ్లయితే నడిచేది. వదినలు వచ్చి, పిల్లలు పెరిగి, జాగల ధర పెరిగినంక తకరారు మొదలయ్యేది. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ ముందుకు ఈ పసుపు కుంకుమ ప్రశ్నే వచ్చింది. పసుపు కుంకుమ కింద ఇచ్చినా అది దానమే, స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ ఉండాల్సిందేనని కోర్టు తేల్చింది. చట్టం ప్రకారం అది సరైన మాటే కావచ్చు. కానీ నోటిమాటను నమ్ముకున్న ఎంతమంది అక్కల కింది నేల కదిలిందో ఆలోచిస్తే మాకు మనసు బాధపడుతుంది.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపు అప్పుడు కూడా కాగితమే మాట్లాడింది. 1981లో కృష్ణ ఒడ్డున ఆలంపూర్, కొల్లాపూర్ దిక్కు ఊళ్లు ఖాళీ చేయించారు. పరిహారం రికార్డులో పేరున్న వాళ్లకు వచ్చింది. ఇండ్లు, భూములు ఎక్కువగా మగవాళ్ల పేరు మీద ఉండె కాబట్టి చెక్కులూ వాళ్ల పేరు మీదే. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాళ్లు విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. మంచి పనే. ముంపులో పోయిన అమ్మల ఇండ్ల గురించి అంత జాగ్రత్త ఎవరూ తీసుకోలేదని ఆ ఊళ్ల సభ్యులు ఇప్పటికీ అంటుంటారు.

చట్టాలు మాత్రం మెల్లమెల్లగా మన దిక్కు తిరిగాయి. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూడా కూతుళ్లకు హక్కు ఇస్తూ చట్టం తెచ్చింది, అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. దేశమంతటికీ అలాంటి హక్కు 2005లో వచ్చింది. మన సభ్యురాలి ఇంటి కేసులో ఆ చెల్లెకు వాటా ఉందంటే 1956 చట్టం ఒక్కటే సరిపోతుంది. బంధువులు "కొత్త చట్టం కదా, మా రైటర్‌కు తెల్వదు" అన్నారట. ఆ కొత్త చట్టానికి డెబ్బై ఏండ్లు దగ్గర పడుతున్నయి.

ఇప్పుడు వకీళ్ల సంగతికి వద్దాం. మన ప్రాంతానికి వకీళ్లు కొత్త కాదు. గోలకొండ పత్రికను 1926లో మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఇటిక్యాలపాడు మనిషి, లా చదివినవారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. హైదరాబాద్ రాష్ట్రానికి 1952 నుంచి 1956 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు గారు అప్పటి కల్వకుర్తి తాలూకా పడకల్‌లో పుట్టారు. ఆయన కూడా వకీలే. ఇంత పెద్ద వకీళ్లను కన్న నేలలో ఆడమనిషి ఇల్లు కొనేటప్పుడు మాత్రం వకీలు దగ్గరికి పోయే అలవాటు పడలేదు. మన దగ్గర వకీలు అంటే కొట్లాట అయినంక పోయే మనిషి. కాగితం రాసేటప్పుడు పోయేది ఆఫీసు ముందర కూర్చున్న దస్తావేజు లేఖరి దగ్గరికి, అంటే రైటర్ దగ్గరికి.

ఇంగ్లండులో ఈ అలవాటు వేరే. అక్కడ ఇంటి కాగితాలు చూసే వకీలును సొలిసిటర్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దం మొదటి నుంచి 1980ల దాకా అక్కడ ఫీజు తీసుకుని ఇంటి దస్తావేజులు రాసే పని దాదాపు వాళ్ల చేతిలోనే ఉండేది. మన దేశంలో మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టుల దగ్గర అలాంటి వాళ్లు ఉండేవారు. మన దిక్కు ఆ పేరు ఎవరికీ తెలియదు. మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఒక్కటే. అక్కడ మామూలుగా అమ్మేవాళ్లకు ఒక సొలిసిటర్, కొనేవాళ్లకు వేరే సొలిసిటర్ ఉంటారు. కొనేవాళ్ల మనిషి అమ్మేవాళ్ల మనిషిని ప్రశ్నలు అడుగుతాడు, జవాబులు రాతపూర్వకంగా తీసుకుంటాడు. మన దగ్గర ఇద్దరికీ ఒకే రైటర్. పైగా చాలాసార్లు అమ్మేవాళ్లు తెచ్చిన రైటర్. మన సభ్యురాలి ఇల్లు అక్కడే చేజారడం మొదలైంది.

రైటర్లను తిట్టాలని మేము రాయడం లేదు. వాళ్లలో ముప్పై ఏండ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు. చేతిరాత దస్తావేజుల కాలంలో ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసినవాళ్లు ఉన్నారు. వాళ్ల పని చెప్పింది రాయడం. చెప్పింది నిజమా అని వెతకడం వాళ్లకు ఎవరూ అప్పజెప్పలేదు, దానికి ఫీజు కూడా ఇవ్వలేదు.

ఆడవాళ్లకు తమ వైపు మనిషి ఒకరు ఉండాలనే మాట చరిత్రలో ముందే వచ్చింది. కార్నీలియా సొరాబ్జీ అనే పార్సీ కుటుంబపు ఆమె 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాసింది. ఆడది కాబట్టి వకీలు సన్నదు ఇవ్వలేదు. 1904 నుంచి బెంగాల్‌లో, పరదా దాటి రాలేని జమీందారీ ఆడవాళ్ల ఆస్తి వ్యవహారాల కోసం ప్రభుత్వ సలహాదారుగా పని చేసింది. బయటి మగ వకీళ్లకు కనబడకూడని ఆ ఆడవాళ్లు మేనేజర్లు, మరుదులు పెట్టమన్న చోట వేలిముద్ర పెట్టేవాళ్లు. ఆడవాళ్లు వకీళ్లు కావచ్చని చట్టం వచ్చింది 1923లో.

ఆ కాలంలోనే కోర్టులు ఒక సూత్రం పెట్టుకున్నాయి. పరదాలో ఉండే ఆడమనిషి కాగితం మీద సంతకం పెడితే, ఆమెకు అది చదివి వినిపించారని, అందులో ఏముందో ఆమెకు అర్థమైందని నిరూపించే బాధ్యత ఆ కాగితంతో లాభపడేవాళ్ల మీదే ఉంటుంది. ఆమెకు వేరే మనిషి సలహా దొరికిందా అని కూడా చూస్తారు. తర్వాత మన సుప్రీంకోర్టు చదువురాని ఆడవాళ్లకు కూడా దీన్ని వర్తింపజేసింది. మోసపోయి సంతకం పెట్టిన అక్కలకు ఇది ఆసరా. కానీ ఇల్లు కొన్నప్పుడు లాభపడేది మనమే కాబట్టి ఈ ఆసరా అన్నిచోట్లా పనిచేయదు. మన సభ్యురాలికి పనిచేయలేదు.

1998 నవంబర్‌లో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. దాన్ని కార్డ్ పథకం అన్నారు. అంతకుముందు దస్తావేజును పెద్ద పుస్తకాల్లో చేతితో ఎక్కించేవాళ్లు, అసలు కాగితం తిరిగి రావడానికి వారాలు పట్టేది. ఈసీ కావాలంటే గుమస్తా పాత సూచికలు తిరగేయాలి. కంప్యూటర్లు వచ్చినంక ఈసీ తొందరగా దొరకడం మొదలైంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా చూసుకోవచ్చు. అయినా మన సభ్యురాలి ఇంటికి ఎవరూ ఈసీ తీయలేదు. తీసినా అందులో చెల్లె పేరు రాదు. ఈసీలో రిజిస్టరు అయిన లావాదేవీలే కనబడతాయి, నాయన చనిపోతే వచ్చే వాటా ఏ ఆఫీసులోనూ రిజిస్టరు కాదు. అది తెలిసేది ఆ కుటుంబం తెలిసినవాళ్లకే. "ఆయనకు చెల్లె ఉండాలె కదా, పెండ్లయి ఫలానా ఊరికి పోయింది" అని చెప్పగలిగే మనిషి లోకల్ వకీలు, లేదా లోకల్ వకీలు అడిగి తెలుసుకునే మనిషి.

మన సంఘాల చరిత్రలో దీనికి దగ్గరి ప్రయత్నం ఒకటి జరిగింది. 2000లో వెలుగు పథకం మొదలైనప్పుడు ఎంచుకున్న ఆరు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తర్వాత అది ఇందిరా క్రాంతి పథం అయింది. ఆ పదేండ్లలో పేదల భూమి సమస్యల కోసం మండల సమాఖ్యల ద్వారా పారాలీగల్‌లను, కమ్యూనిటీ సర్వేయర్లను పెట్టారు. వాళ్లు మన సంఘాల ఇండ్లలోని చదువుకున్న పిల్లలే. పహాణీలు తీసి, ఊళ్లో తిరిగి, ఎవరి పట్టా ఎక్కడ ఆగిందో రాసి, తహసీల్దారు ముందు దరఖాస్తు పెట్టించేవాళ్లు. వాళ్ల పని ఎక్కువగా సాగు భూమి మీదే నడిచింది, ఇంటిజాగ మీదికి రాలేదు. కానీ కాగితం చదివే మనిషి మన మనిషైతే ఎట్లా ఉంటుందో మనకు మొదటిసారి తెలిసింది అప్పుడే. ఆ పని అట్లే సాగి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం.

తర్వాత మార్పులు వేగంగా వచ్చాయి. 2020 సెప్టెంబర్‌లో రిజిస్ట్రేషన్లు ఆగి, ఇండ్ల రిజిస్ట్రేషన్లు డిసెంబర్ నడుమ దాకా మొదలు కాలేదు. ఆ మూడు నెలల్లో బయానా ఇచ్చి ఇరుక్కున్న సభ్యులు మాకు తెలుసు. సాగు భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసుకు పోయింది, ఇండ్లు, ప్లాట్లది సబ్ రిజిస్ట్రార్ దగ్గరే ఉంది. 2021 జూలై నుంచి అమ్మకం మీద స్టాంపు, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి నూటికి ఏడున్నర రూపాయలయ్యాయి. ఆ ఖర్చుకు భయపడి, "ఇప్పుడు అగ్రిమెంటు, జీపీఏ చేసుకుందాం, తర్వాత చూద్దాం" అనేవాళ్లు ఎక్కువైతున్నరు. 2011లోనే సుప్రీంకోర్టు జీపీఏ, అగ్రిమెంటు మీద ఇంటి హక్కు రాదని చెప్పింది. మిగిలిన సుంకం ఎంతో లెక్కేసుకునే ముందు ఇల్లు ఎంతదో లెక్కేసుకోవాలి.

2022 జూన్ 2న మన మూడు జిల్లాలకూ సొంత జిల్లా కోర్టులు వచ్చాయి. దాంతో న్యాయసేవాధికార సంస్థ కూడా దగ్గరైంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా సరే ఉచితంగా వకీలును ఇస్తారు. ఇది చాలామంది సభ్యులకు తెలియదు. తెల్లకార్డు ఉండాలేమో అనుకుంటారు. అవసరం లేదు, ఆడమనిషి అయితే చాలు.

ఒక లోకల్ వకీలు మన ఇంటి కాగితాలు ఎట్లా చూస్తాడో పోయిన ఏడాది మేము పక్కన కూర్చుని చూశాం. సభ్యురాలు ఒకామె కొనబోతున్న ప్లాటు అది. ఆయన ముందుగా దస్తావేజు ముట్టలేదు. "ఎక్కడ జాగ?" అని అడిగిండు. చెప్తే, "ఆ దిక్కు సగం చెరువు శిఖం కదా" అన్నడు. ఆ తర్వాత లింకు డాక్యుమెంట్లు వెనకకు పట్టుకుంటూ ముప్పై ఏండ్ల దాకా పోయిండు. ఒక చోట ఆస్తి తండ్రి నుంచి కొడుకుకు వచ్చింది, కానీ భాగపరిష్కార కాగితం లేదు. "ఈయనకు అక్కచెల్లెండ్లు ఎంతమంది? ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మనండి" అన్నడు. ఇంటి నంబరు మున్సిపాలిటీ అయినంక మారింది, పాత నంబరు ఏదో రాసుకున్నడు. సర్కారు ఇచ్చిన ఇంటిజాగ పట్టానా అని అడిగిండు. అలాంటి జాగ అమ్మడం 1977 చట్టం ప్రకారం చెల్లదు, కొన్నవాళ్ల పైసలు పోతాయి. చివరికి, "జాగ మీదికి పోయి చెక్కుబంది నేను చూసి చెప్త" అన్నడు. నాలుగు దిక్కులా ఎవరెవరు ఉన్నారో కండ్లతో చూసి వచ్చిండు. ఆ ప్లాటు కొనొద్దని చెప్పిండు. సభ్యురాలు కొనలేదు. ఆయన తీసుకున్న ఫీజు ఆమె పోగొట్టుకునే బయానాలో పదో వంతు కూడా కాదు.

లోకల్ వకీలు అనగానే అంతా మంచే అనుకోకండి. ఊరు తెలిసిన మనిషికి అమ్మేవాళ్లూ తెలిసే ఉంటారు. వాళ్ల ఇండ్లలో పెండ్లికి పోయి ఉంటడు, వాళ్ల కేసు నడుపుతుండొచ్చు. మేము అడిగిన ఒక వకీలు, "ఆ కుటుంబం నా క్లయింట్లు అమ్మా, నేను మీ తరఫున చూడకూడదు, వేరే సారు దగ్గరికి పోండి" అన్నడు. ఆయన మీద మాకు గౌరవం పెరిగింది. అట్లా చెప్పకుండా కాగితం తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే మొదటి ప్రశ్న మనమే అడగాలి: "సారూ, అమ్మెటోళ్లు మీకు తెలుసా? వాళ్ల పని ఏమన్న చేస్తున్నరా?" అడిగితే కోపం వచ్చే వకీలు మనకు వద్దు. ఇప్పుడు మన కోర్టుల్లో ఆడ వకీళ్లూ కనబడుతున్నరు. మేడంతో మాట్లాడడం తేలిక అనిపిస్తే వాళ్ల దగ్గరికి పోండి, కానీ ఈ ప్రశ్న వాళ్లనూ అడగండి.

దీని తర్వాత మన కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ఇల్లు, ప్లాటు కోసం సంఘం అప్పు తీసుకునే సభ్యురాలు బయానా ఇయ్యకముందే తన తరఫు వకీలుతో కాగితాలు చూపించి, ఆయన రాసిచ్చిన అభిప్రాయం అప్పు దరఖాస్తుతో పెట్టాలి. కొందరు సభ్యులు కోపగించుకున్నారు. "మళ్లీ ఒక ఖర్చు, మళ్లీ ఒక తిరుగుడు" అన్నారు. నిజమే, తిరుగుడు ఉంది. వకీలు ఫీజు కూడా అప్పులో కలిపి ఇయ్యాలని రెండు గ్రామ సంఘాలు అడిగాయి, అది ఇంకా తేలలేదు.

ఇక మన సభ్యురాలి ఇల్లు ఏమైంది? న్యాయసేవాధికార సంస్థ ద్వారా వకీలు దొరికిండు, లోకల్ మనిషే. ఆయన రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడిండు. కేసు లోక్ అదాలత్‌కు పోయింది. అక్కడ రాజీ అయితే దాని మీద అప్పీలు ఉండదు. ఆ చెల్లె ఇల్లు పడగొట్టి వాటా కోయాలని పట్టుబట్టలేదు. "నాక్కూడా ఒక ఇల్లు ఉంది, ఆమె కష్టం నాకు తెల్సు, నా వాటా పైసలు ఇయ్యమనండి" అన్నది. మన సభ్యురాలు ఆ పైసలు కిస్తీల మీద ఇచ్చింది. అంటే ఒకే ఇంటిని రెండుసార్లు కొన్నట్టయింది. అమ్మినాయన పట్నం వదిలి పోయిండు. ఆయన మీద పైసల కోసం వేసిన దావా ఇంకా నడుస్తున్నది.

చివరి కిస్తీ ఇచ్చిన నాడు ఆ చెల్లె హక్కు విడుదల దస్తావేజు రాసి ఇచ్చింది. మేము ఇద్దరం తోడు పోయినం. ఆఫీసు బయట చెట్టు కింద వకీలు సారు కాగితం మొత్తం చదివి వినిపించిండు. ఆ చెల్లె విన్నది, మన సభ్యురాలు విన్నది. చెక్కుబంది దగ్గరికి వచ్చేసరికి మన సభ్యురాలు చెయ్యి అడ్డం పెట్టింది. "పడమరకు దర్జీ ఆయన ఇల్లు అని రాసిండ్రు సారూ. ఆయన అమ్ముకొని పోయి మూడేండ్లాయె, ఇప్పుడు అది టీచరమ్మ ఇల్లు." రైటర్, పాత దస్తావేజులో అట్లనే ఉంది కదా అన్నడు. పాత పేరూ ఉంచి, ఇప్పుడు ఎవరిదో కూడా రాయమని వకీలు చెప్పిండు. కాగితం మళ్లీ ప్రింటు తీసే వరకు కరెంటు పోయింది. వచ్చేదాకా కూర్చున్నం. ఊరికి పోయే బస్సు వెళ్లిపోయింది, రాత్రి ఆటోలో పోయినం.